మంచం పక్కన మనిషి



2020 మార్చి 23, సోమవారం సాయంత్రం ఏడు గంటలకు సౌదీ అరేబియా అంతటా కర్ఫ్యూ మొదలైంది. మర్నాటి రాత్రి మన దేశంలో లాక్‌డౌన్ ప్రకటించారు. ఒక్క రోజు తేడాతో అక్కడా ఇక్కడా ఇళ్ల తలుపులు మూతపడ్డాయి. ఆ కాలం గురించి మనం చాలానే చెప్పుకున్నాం. పిల్లాపాపలతో రోడ్డు పట్టి నడిచిన వలస కూలీల గురించి విన్నాం. ఆక్సిజన్ కోసం ఆసుపత్రుల ముందు పడిగాపులు కాసినవాళ్ల గురించి చదివాం. మంచం దిగలేని మనుషుల గురించి, జీతంబత్తెం లేకుండా వాళ్లను చూసుకునే తల్లులూ భార్యలూ అక్కచెల్లెళ్ల గురించి మాత్రం అంతగా మాట్లాడుకోలేదు. ఈ పూట వాళ్ల సంగతి చెప్పాలని వచ్చాను.

నాది కడప జిల్లా. ఆ రోజుల్లో రియాద్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు ఉండే వార్డు మాది. సౌదీలో అలాంటి రోగుల్లో కుర్రవాళ్లు ఎక్కువ. కారణం రోడ్డు ప్రమాదాలు. ఎడారి మధ్య తిన్నగా సాగిపోయే రోడ్లు, పెద్ద కార్లు, విపరీతమైన వేగం. ఇరవయ్యేళ్ల పిల్లవాడు సాయంత్రం కారెక్కి వెళ్తాడు, మెడ విరిగి స్ట్రెచర్ మీద మా దగ్గరికి వస్తాడు. ప్రాణం దక్కుతుంది, కాళ్లూ చేతులూ దక్కవు. ఆ తర్వాత అతను బతికే ముప్ఫై నలభై ఏళ్లూ ఎవరో ఒకరు పక్కన ఉండాలి. అక్కడి ప్రభుత్వ గణాంక సంస్థ 2016-17 ప్రాంతంలో తీసిన లెక్కల్లో సౌదీ పౌరుల్లో దాదాపు 7 శాతం మందికి ఏదో ఒక వైకల్యం ఉందని తేలింది. వందలో ఏడుగురంటే, బంధువర్గంలో అలాంటి మనిషి లేని కుటుంబం అరుదు.

వికలాంగుల కోసం సౌదీ ఏమీ చెయ్యలేదనడం తప్పు. 2000లోనే వికలాంగుల సంక్షేమానికి చట్టం చేసింది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను 2008లో ఆమోదించింది. 2018లో వాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టింది. నెలవారీ భృతి ఉంది, పగటి సంరక్షణ కేంద్రాలున్నాయి, నడవలేనివాళ్లను ఉంచుకునే పునరావాస కేంద్రాలున్నాయి. వీటన్నిటితోపాటు, ఏ చట్టంలోనూ పెద్దగా కనిపించని ఇంకొక ఏర్పాటు మీద అక్కడి ఇళ్లు నడుస్తాయి. ఇంట్లో పనిచేసే ఖద్దామా, కారు నడిపే హౌస్ డ్రైవర్. ఖద్దామా అంటే మన కడప, గోదావరి జిల్లాల వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, కెన్యా, శ్రీలంక, ఇండియా నుంచి వచ్చిన ఆడమనుషులు. మంచంలో ఉన్నవాళ్లకు స్నానం చేయించేదీ, గుడ్డలు మార్చేదీ చాలా ఇళ్లలో వాళ్లే. ఆసుపత్రికి తీసుకువెళ్లేది డ్రైవర్. తల్లి అన్నీ దగ్గరుండి చూసుకునేది, కానీ తన నడుం మీద మొత్తం బరువు పడేది కాదు.

మార్చి నెలలో ఈ ఏర్పాటు ఒక్కొక్కటిగా కూలిపోయింది. మొదటి కేసు మార్చి 2న బయటపడింది. 8న ఖతీఫ్‌ను దిగ్బంధం చేశారు. తూర్పు ప్రాంతంలోని ఆ ఖతీఫ్ సికిల్ సెల్ రక్తహీనత బాగా ఎక్కువగా ఉన్న చోటు. నొప్పులు వచ్చినప్పుడల్లా ఆసుపత్రికి పరుగెత్తక తప్పని రోగులు వేలమంది అక్కడ ఉంటారు. 9న బడులు మూశారు. పగటి సంరక్షణ కేంద్రాలూ మూతపడ్డాయి. 15న అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. ఆ వారంలో సెలవు మీద సొంత దేశంలో ఉన్న పనిమనిషి అక్కడే ఉండిపోయింది. కొత్తగా రావాల్సినవాళ్లు రాలేదు. 21న బస్సులు, రైళ్లు, టాక్సీలు కూడా నిలిపేశారు. పునరావాస కేంద్రాల్లో ఉన్నవాళ్లను చూడ్డానికి ఇంటివాళ్లను రానివ్వలేదు. ఫిజియోథెరపీ లాంటి అత్యవసరం కాని చికిత్సలన్నీ వాయిదా పడ్డాయి. ఏప్రిల్ 6న రియాద్, జెద్దా, దమ్మాం, తబూక్ లాంటి నగరాల్లో కర్ఫ్యూ ఇరవైనాలుగు గంటలకు పెంచారు. తిండి సరుకులకో మందులకో పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం మూడు లోపు, అదీ తమ పేటలోనే తిరగొచ్చు. కారులో డ్రైవర్ కాక ఒక్కరే ఎక్కాలి.

ఆ ఒక్కరు అనే నిబంధన గురించి కొంచెం చెప్పాలి. జబ్బు పాకకుండా ఉండాలని పెట్టిన నియమం, నడిచేవాళ్లకు సబబుగానే ఉంటుంది. మెడ కింద స్పర్శ లేని మనిషిని కారులో కూర్చోబెట్టాలంటే కనీసం ఇద్దరు పట్టుకోవాలి. కూర్చోబెట్టాక పక్కకు ఒరిగిపోకుండా ఒకరు ఆనుకుని ఉండాలి. కారు నడిపేవాళ్లు వేరే. నియమం రాసినవాళ్ల మనసులో ఇలాంటి మనిషి లేడు. అంబులెన్సు ఉంది నిజమే. అది ప్రాణం మీదికి వచ్చినవాళ్లకోసం. నెలకోసారి మూత్రం గొట్టం మార్పించుకోవాల్సినవాడికి అంబులెన్సు అడగడానికి ఆ రోజుల్లో ఇంటివాళ్లకే నోరు రాలేదు.

మా వార్డులో పడకలు ఖాళీ చేయాల్సి వచ్చింది. కాస్త కుదుటపడ్డవాళ్లందర్నీ ఇళ్లకు పంపారు. మామూలు రోజుల్లో ఇంటికి పంపేముందు ఇంటివాళ్లకు నెలల తరబడి నేర్పిస్తాం. అప్పుడు అంత వ్యవధి లేదు. మిగిలింది ఫోనులో చెప్పుకోవాలి. అలా నేను ఫోనులో నేర్పిన ఇళ్లలో ఒకటి రియాద్ దక్షిణపు పేటల్లో ఉండేది. కొడుక్కి పాతికేళ్లుంటాయి, మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతింది. వాళ్ల పనిమనిషి సెలవు మీద ఫిలిప్పీన్స్ వెళ్లి అక్కడ ఇరుక్కుపోయింది. తండ్రి లేడు. తల్లి, కాలేజీలో చదివే చెల్లెలు. తల్లి ఫోను కెమెరాను కొడుకు వైపు తిప్పి దిండుకు ఆనించి పెట్టేది. ఫోనులో ఆమె ముఖం నాకెప్పుడూ కనిపించలేదు. చేతులు కనిపించేవి. గోరింటాకు పెట్టుకుని చాన్నాళ్లైన చేతులు.

ఆ చేతులకు నేర్పిన పని ఏమిటో చెబుతాను, ఎందుకంటే ఇంట్లో చూసుకోవడమంటే అన్నం పెట్టి మందులివ్వడమేగా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. స్పర్శ లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పగలూ రాత్రీ. తిప్పకపోతే తుంటి ఎముక దగ్గర, నడుం కింది ఎముక దగ్గర, మడమల దగ్గర చర్మం ఒత్తుకుపోయి పుండు పడుతుంది. మొదట ఎర్రటి మచ్చలా ఉంటుంది. వేలితో నొక్కితే ఆ ఎరుపు పోదు. పోలేదంటే లోపల కండ చెడిపోవడం మొదలైందని అర్థం. నాలుగు రోజులు అశ్రద్ధ చేస్తే ఎముక కనిపించేంత గొయ్యి పడుతుంది, అది మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి అదే ప్రాణం తీస్తుంది. తిప్పేటప్పుడు చేతులు పట్టి లాగకూడదు, కింద పరిచిన దుప్పటి అంచు పట్టుకుని ఒక్కసారిగా దొర్లించాలి. మోకాళ్ల మధ్య దిండు, మడమలు పరుపుకు తగలకుండా కింద మరో దిండు. మూత్రం గొట్టం మెలిక పడిందేమో చూడాలి. ఛాతీ మధ్య భాగంలో గాని దానికి పైన గాని వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లకు గొట్టం మెలిక పడి మూత్రం నిలిచిపోతే రక్తపోటు ఉన్నట్టుండి ఎగబాకుతుంది. ముఖం ఎర్రబడి, తల పగిలిపోతున్నంత నొప్పి వచ్చి, మెడపైన చెమటలు ధారగా కారతాయి. అప్పుడు మనిషిని లేపి కూర్చోబెట్టి, గొట్టం సరిచేయాలి. ఆలస్యమైతే మెదడులో నరం చిట్లవచ్చు. ఆసుపత్రిలో ఈ పనికి మూడు షిఫ్టుల్లో మనుషులుంటాం, జీతం తీసుకుంటాం, షిఫ్టు అయ్యాక నిద్రపోతాం. ఇంట్లో ఉన్న తల్లికి షిఫ్టు లేదు.

రంజాన్ నెలలో ఒక అర్ధరాత్రి ఆమె ఫోను చేసింది. కొడుక్కి జ్వరం. కరోనానా, మూత్రంలో ఇన్ఫెక్షనా? స్పర్శ లేనివాళ్లకు నొప్పి తెలియదు, జ్వరమొక్కటే జాడ. ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ కరోనా అంటుకుంటుందని భయం. మెడ దెబ్బతిన్నవాళ్లకు గట్టిగా దగ్గే శక్తి ఉండదు, ఊపిరితిత్తుల్లో చేరిన కఫం బయటకు రాదు, వాళ్లకు కరోనా అంటే మామూలు జబ్బు కాదు. తీసుకెళ్లకపోతే ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కుతుందని భయం. పైగా పాజిటివ్ అని తేలి అతన్ని ఒంటరిగా ఉంచితే, మంచినీళ్లు నోటికందించేదెవరు? వార్డులో నర్సులుంటారు గానీ, అతను కనురెప్ప ఆడించే తీరులో దాహమో నొప్పో పసిగట్టగలిగింది ఆ తల్లి ఒక్కతే. ఆరోగ్యశాఖ వాళ్ల 937 నంబరు ఆ రోజుల్లో చాలామందికి ఆసరా అయింది, ఆమెకూ డాక్టరు సలహా దొరికింది. ఆ పూటకు మూత్రం ఇన్ఫెక్షన్ అని తేలి మందులతో తగ్గింది. కానీ ఆ తెల్లవారుజామున ఆమె ఒక ప్రశ్న అడిగింది. "నాకే వస్తే వీడిని ఎవరు తిప్పుతారు?" నా దగ్గర జవాబు లేదు. ఆ దేశంలోనూ, మన దేశంలోనూ ఎవరి దగ్గరా అప్పుడు దానికి జవాబు లేదు. ఈ ప్రసంగమంతా ఆ ప్రశ్న గురించే అనుకోండి.

ఆ రోజుల్లో సౌదీ రాజు తీసుకున్న ఒక నిర్ణయం గురించి మంచి మాట చెప్పి తీరాలి. మార్చి 30న కరోనా రోగులందరికీ, ఇఖామా అనే నివాస అనుమతి లేనివాళ్లకు సైతం, చికిత్స ఉచితమన్నారు. దానివల్ల మన తెలుగువాళ్లు ఎంతమంది ధైర్యంగా ఆసుపత్రి గడప తొక్కారో నేను కళ్లారా చూశాను. కానీ ఆ వేసవిలో చమురు ధర పడిపోయి ఖజానాకు కష్టం వచ్చింది. జూన్‌లో ప్రభుత్వోద్యోగులకు ఇచ్చే జీవన వ్యయ భత్యం ఆపేశారు. జులై 1 నుంచి విలువ ఆధారిత పన్నును 5 నుంచి 15 శాతానికి పెంచారు. పెద్దవాళ్ల డైపర్లు, గ్లవ్స్, గాలి పరుపు, పౌష్టికాహారం డబ్బాలు కొనుక్కునే ఇంటికి అదెంత భారమో బజారు బిల్లు చూస్తేనే తెలుస్తుంది.

ఇక మనవాళ్ల సంగతి. సౌదీలో భారతీయులు సుమారు పాతిక లక్షల మంది అని అప్పటి అంచనా. కుటుంబాలతో ఉన్న తెలుగువాళ్లలో ఈడొచ్చిన వికలాంగ బిడ్డలున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు అక్కడి పౌరులకిచ్చే భృతి లేదు, ప్రభుత్వ కేంద్రాలు లేవు. పైగా వెంట ఉన్న ఒక్కొక్క కుటుంబసభ్యుడికి నెలవారీ రుసుము కట్టాలి. 2017లో 100 రియాళ్లతో మొదలైన ఆ రుసుము 2020 నాటికి 400 అయింది. ఏడాదికి 4,800 రియాళ్లు, ఒక్కొక్కరికి. జీతాల్లో కోత పడిన ఆ ఏడాది చాలామంది భార్యాబిడ్డల్ని ఊరికి పంపేసి ఒంటరిగా మిగిలారు. అంటే ఆ బిడ్డను చూసుకునే ఇద్దరిలో ఒకరు తగ్గారు.

వీళ్లకంటే నా మనసులో నిలిచిపోయిన మనిషి ఇంకొకరు. రాయచోటి వైపు ఆవిడ. దమ్మాంలో ఒక ఇంట్లో ఖద్దామా. కళ్లు కనిపించని, కాళ్లు పడిపోయిన ముసలామెను చూసుకోవడం ఆమె పని. వాళ్లింట్లో ఇంకో పనిమనిషి కూడా ఉండేది, కర్ఫ్యూకు ముందే వెళ్లిపోయింది. ఇద్దరి పనీ ఈమె మీద పడింది. ఇంట్లో అందరూ ఇంట్లోనే ఉండడంతో వంట మూడింతలైంది. ఎవరి ద్వారానో నా నంబరు దొరికి, రాత్రి పని తెమిలాక తెలుగులో నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి ఫోను చేసేది. ఆమెకు ఊళ్లో ఇరవై రెండేళ్ల కొడుకు. పుట్టినప్పుడే మెదడుకు దెబ్బ తగిలింది, నడవలేడు, మాట రాదు, మూర్ఛలొస్తాయి. భర్త లేడు. ఆ బిడ్డను చూసుకునేది అరవై దాటిన ఈమె తల్లి. ఒక రాత్రి ఆమె అన్న మాట ఇది. "ఈడ ఈ ముసలామెకు నేను స్నానం చేపిస్తా ఉండా. ఆడ నా కొడుక్కు మా యమ్మ చేపిస్తా ఉంది. మా యమ్మ నడుం పట్టుకుంటే ఇంగ ఆడ ఎవురుండారు మేడమ్?"

సౌదీ తల్లి అడిగింది, రాయచోటి తల్లి అడిగింది ఒకటే ప్రశ్న. ఒకరింట్లో జీతానికి చూసుకునే మనిషి రాలేకపోయింది. ఇంకొకరింట్లో జీతానికి చూసుకోవడానికి వెళ్లిన మనిషి తిరిగి రాలేకపోయింది. రెండు చోట్లా మిగిలింది జీతం లేని ఒక ఆడమనిషి.

ఊళ్లో ఆ అవ్వ పడ్డ పాట్లు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. 2020 ఫిబ్రవరి 1 నుంచి గ్రామ వాలంటీర్లు పింఛను ఇంటికి తెచ్చి ఇవ్వడం మొదలైంది, లాక్‌డౌన్‌లో అది నిజంగా ప్రాణం నిలిపింది. నెల మొదట్లో 3,000 రూపాయలు చేతికొచ్చేవి. మూర్ఛ మాత్రల సంగతే కష్టమైంది. ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే మూర్ఛ మీద మూర్ఛ వచ్చి మనిషి చేజారిపోవచ్చు. ఊళ్లో దొరకవు, కడపకో రాయచోటికో పోవాలి. బస్సులు లేవు. ఉదయం పూట కొన్ని గంటలే బయట తిరగనిచ్చేవారు. ఎవరో బండి మీద తీసుకెళ్తామన్నా, ఆ రెండు మూడు గంటలు బిడ్డ దగ్గర ఎవరుండాలి? మామూలు రోజుల్లో పక్కింటామె వచ్చి కూర్చునేది. ఆ రోజుల్లో ఎవరి గడపా ఎవరూ తొక్కలేదు. సౌదీలో ఉన్న కూతురిని డబ్బు పంపే కేంద్రాల దాకా వెళ్లనిచ్చేవారు లేరు, జీతం రెండు నెలలు చేతికందలేదు. చివరికి గ్రామ సచివాలయంలో పనిచేసే ఏఎన్ఎమ్ ఒకామె పూనుకుని మాత్రలు తెప్పించి ఇచ్చింది. అది ఆమె డ్యూటీ కాదు.

కేంద్ర ప్రభుత్వం లాక్‌డౌన్ తొలి మూడు నెలల కాలానికి వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు అదనంగా 1,000 రూపాయలు రెండు విడతల్లో ఇచ్చింది. వికలాంగుల్లో అది 80 శాతం, ఆపైన వైకల్యం ఉండి, కేంద్ర పింఛను జాబితాలో ఉన్నవాళ్లకే. మనవైపు రాష్ట్ర పింఛను తీసుకునే వాళ్లలో ఎంతోమంది ఆ జాబితాలో లేరు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరాలు ఆగిపోవడంతో కొత్తగా సర్టిఫికెట్టు కావాల్సినవాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోయారు.

గల్ఫ్ కుటుంబాలకు మరో దెబ్బ ప్రయాణాల దగ్గర తగిలింది. విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే వందే భారత్ విమానాలు 2020 మే 7 నుంచి మొదలయ్యాయి. గర్భిణులకు, వృద్ధులకు, జబ్బుపడ్డవాళ్లకు ముందు అవకాశమన్నారు, బాగుంది. పక్షవాతంతో ఆసుపత్రిలో పడి ఉన్న కూలీని స్ట్రెచర్ మీద తేవాలంటే విమానంలో వరసగా ఎన్నో సీట్లు తొలగించాలి, వెంట నర్సు రావాలి, ఖర్చు లక్షల్లో. మామూలు విమానాలున్నప్పుడే అదో యజ్ఞం, ఆ రోజుల్లో నెలలు పట్టేది. చివరికి మనిషి జగిత్యాలకో, నిజామాబాద్‌కో, రాజంపేటకో చేరేవాడు. అప్పటిదాకా బీడీలు చుట్టుకుంటూనో, కూలికి పోతూనో ఉన్న భార్య ఒక్క రాత్రిలో నర్సయ్యేది. వెళ్లేటప్పుడు చేయించుకున్న ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉందిగా అని చాలామంది అడిగేవారు. ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా అందులో 10 లక్షలు వస్తాయి. పక్షవాతం ప్రమాదం కిందికి రాదు. సౌదీలో విదేశీ కార్మికులకు పని ప్రమాదాల బీమా ఉంది, యజమానే జీతంలో 2 శాతం కడతాడు. ఇంటిపని చేసేవాళ్లకు అదీ వర్తించదు. రోజంతా బరువైన మనుషుల్ని ఎత్తి దించి నడుం పోగొట్టుకునేది ఆ ఇంటిపనివాళ్లే.

ఇంట్లో రోగిని చూసుకోవడానికి సెలవు పెట్టి వచ్చినవాళ్ల గతి ఇంకోలా అయింది. 2021 ఫిబ్రవరి 3న సౌదీ ఇరవై దేశాలనుంచి రాకపోకలు ఆపింది, అందులో మన దేశమొకటి. వేరే దేశంలో పద్నాలుగు రోజులుండి వెళ్లాలి. నేపాల్, మాల్దీవులు తిరిగి లక్షలు పోసి వెళ్లినవాళ్లున్నారు. ఆ డబ్బు లేనివాళ్లు ఆగిపోయారు. మన దేశం నుంచి అందరూ నేరుగా వెళ్లే అనుమతి 2021 డిసెంబరు 1కి గాని రాలేదు. అప్పటికి చాలామంది ఉద్యోగాలు పోయాయి. తండ్రికి పక్షవాతమని వచ్చిన కొడుకు, తండ్రినీ చూసుకోలేని, సంపాదించనూ లేని స్థితిలో పది నెలలు గడిపాడంటే ఆ ఇల్లు అప్పుల్లోంచి తేలడానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే ఊహించండి.

టీకాల విషయంలో తెలిసొచ్చిన ఒక సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. వికలాంగుల మీద ఈ జబ్బు ఎంత కఠినంగా ఉందో ఇంగ్లండ్ లెక్కలు చెబుతాయి. 2020 జనవరి నుంచి నవంబరు దాకా అక్కడ కరోనాతో పోయినవారిలో ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు వికలాంగులే. బ్రిటన్ టీకాల వరసలో ఆరో వర్గంలోనే, జబ్బున్నవాళ్లతో పాటు, ఇంట్లో జీతం లేకుండా చూసుకునేవాళ్లను కూడా చేర్చింది. మన దేశంలో 2021 మార్చి 1న మొదలైన విడతలో, అరవై దాటినవాళ్లతోపాటు, 45 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండి జబ్బులున్నవాళ్లకు అవకాశమిచ్చారు. ఆ జబ్బుల జాబితాలో ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులున్నారు, సంతోషం. ఇరవై రెండేళ్ల బిడ్డ? మే దాకా ఆగాలి. అలాంటి బిడ్డను చూసుకునే నలభయ్యేళ్ల తల్లి? ఆమె పేరు ఏ జాబితాలోనూ లేదు. ఆమె ఫ్రంట్‌లైన్ వర్కర్ కాదట. మంచం దిగలేనివాళ్లకు ఇంటికొచ్చి టీకా వేస్తామని కేంద్రం ప్రకటించింది 2021 సెప్టెంబరు 23న. రెండో ఉద్ధృతి ఏప్రిల్, మే నెలల్లో ఊళ్లను తుడిచిపెట్టి వెళ్లిపోయాక.

తెలియక జరిగిందనుకుందామా? మన చట్టంలో ఆ తల్లి ఉంది. 2016లో పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టం తెరిచి చూడండి. సంరక్షకులు అంటే ఎవరో చెప్పేచోట, జీతం తీసుకుని గాని తీసుకోకుండా గాని వికలాంగులను చూసుకునేవాళ్లు, తల్లిదండ్రులూ కుటుంబసభ్యులతో సహా, అని స్పష్టంగా ఉంది. విపత్తుల్లో వికలాంగులకు సమానంగా రక్షణ ఇవ్వాలని 8వ సెక్షన్ చెబుతుంది. ఎక్కువ సాయం అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం ఇవ్వాలని 24వ సెక్షన్ చెబుతుంది. అంటే మహమ్మారి వచ్చేనాటికి ఇవన్నీ దాదాపు మూడేళ్లుగా అమల్లో ఉన్న మాటలు. కేరళ ఈ చట్టం కంటే ముందే, 2010లో, ఆశ్వాసకిరణం అనే పథకం పెట్టి మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లకు నెలకు కొంత ఇస్తోంది. ఆరు వందల రూపాయలంటే పెద్ద మొత్తం కాదు. అయినా ఆ తల్లి ప్రభుత్వం పుస్తకంలో ఒక పేరైంది. జాబితాలో పేరుంటేనే విపత్తు రోజున ఫోను చేసి అమ్మా ఎలా ఉన్నావని అడగడానికి వీలవుతుంది.

మన రాష్ట్రంలో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000 అయింది, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. ఇది మంచి పని, మనసారా మెచ్చుకుంటాను. సౌదీ కూడా 2023లో వికలాంగుల హక్కులకు కొత్త చట్టం తెచ్చింది. నా అభిప్రాయం మాత్రం ఒకటుంది. డబ్బు ఎంత పెంచినా, మంచం పక్కన ఉన్న మనిషికి వారానికి ఒక పూట విడుపు దొరక్కపోతే ఆ ఇల్లు మళ్లీ అదే ప్రమాదంలో ఉంటుంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. పద్దెనిమిది దాటిన మర్నాడు ఆ బిడ్డ ఎక్కడికి పోవాలి? పగటిపూట చూసుకునే ఒక కేంద్రం మండలానికొకటి ఉంటే, అందులో తర్ఫీదు పొందిన ఇద్దరు ఉద్యోగులుంటే, ఆ తల్లికి జ్వరమొచ్చిన రోజు బిడ్డ దిక్కులేనివాడు కాడు. గల్ఫ్‌లో ఈ పని చేసి అనుభవం గడించి తిరిగొచ్చిన ఆడవాళ్లు మన పల్లెల్లో ఎంతోమంది ఉన్నారు. మనిషిని తిప్పడం, ఎత్తడం, పుండు పడకుండా చూడడం వాళ్లకు బాగా తెలుసు. ఆ ఉద్యోగాలు వాళ్లకిచ్చి ఇక్కడే జీతమిస్తే, వాళ్లు దమ్మాం పోయి పరాయి ముసలామెకు స్నానం చేయిస్తూ సొంత బిడ్డ కోసం ఏడ్చే అవసరమే ఉండదు.

రాయచోటి ఆవిడ 2021 చివర్లో ఊరికి వచ్చేసింది. వాళ్లమ్మ బతికే ఉంది గానీ నడుం వంగిపోయింది, బిడ్డను ఎత్తలేదు. ఇప్పుడు ఇద్దర్నీ ఆమే చూసుకుంటోంది. రియాద్‌లోని ఆ తల్లి ఇంటికి కొత్త పనిమనిషి రావడానికి ఏడాది పైనే పట్టిందని తర్వాత తెలిసింది.

వింటున్నవారిలో ఇలాంటి ఇళ్లవాళ్లుంటే కొన్ని మాటలు. మీ బిడ్డకు సదరం సర్టిఫికెట్టు, వికలాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీ లేకపోతే ఈ నెలలోనే సచివాలయంలో అడగండి. ఏ మందులు ఎంత మోతాదో, బిడ్డ ఏమి తింటాడో, ఎలా తిప్పాలో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి, మీకు ఉన్నట్టుండి జబ్బు చేస్తే వచ్చినవాళ్లకు దారి తెలుస్తుంది. రోజూ వేసే మందులు నెలకు సరిపడా ఎప్పుడూ ఎక్కువ ఉంచుకోండి. నిద్రపట్టక, ఏడుపు ఆగక, ఈ బతుకెందుకనిపించే రోజుంటే 14416కి ఫోను చేయండి. అది టెలీమానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు బీమా గడువు అయిపోకుండా చూసుకోండి, ఇంట్లో చూసుకునే మనిషికి ఏదన్నా అయితే రెండో మనిషి ఎవరో ముందే మాట్లాడుకుని వెళ్లండి.

అలాంటి బిడ్డ లేని ఇళ్లవాళ్లకూ ఒక మనవి. మీ వీధిలో తలుపు ఎప్పుడూ ఓరగా వేసి ఉండే ఇల్లు ఒకటుంటుంది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ రాని తల్లి ఒకామె ఉంటుంది. ఆమెను పిలవడం మానేసి ఏళ్లయి ఉంటుంది. రేపు వెళ్లి, "నేను కూర్చుంటాను, నువ్వు కాసేపు పడుకో" అనండి. మొదటిసారి ఒప్పుకోదు. రెండోసారీ వెళ్లండి. బిడ్డను ఎలా తిప్పాలో ఆమే నేర్పిస్తుంది.